మోకాలికి రాసే జెల్ లోపలికి బాగా దిగాలంటే ఏం చెయ్యాలి?

గుణుపురం ఫిజియో:
ఊడుపులకు వంగి వంగి మోకాళ్లు పట్టేసినవాళ్లు ఇప్పుడు రోజూ వస్తున్నారు. అందరి దగ్గరా నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ ట్యూబే. బఠాణీ గింజంత తీసి బాగా రుద్ది, పైన పాలిథిన్ కవరు చుట్టి, వేడినీళ్ల సంచీ పెడుతున్నారు. నొప్పి తగ్గకపోగా కొందరికి బొబ్బలు లేచాయి. వీళ్లకు ఎలా రాయమని చెప్పాలి? క్లినిక్‌లో అల్ట్రాసౌండ్ మెషిన్ ఉంది. దాంతో మందు లోపలికి పంపవచ్చా?

పర్లాకిమిడి ఫార్మసిస్ట్:
ముందు బొబ్బల సంగతి చూద్దామండీ. ట్యూబు వెనక చదవండి. మన దగ్గర అమ్మే చాలా జెల్స్‌లో డైక్లోఫెనాక్‌తోపాటు మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం ఉంటాయి. వాటి మీద కవరు కప్పి వేడి పెడితే చర్మం కాలిపోతుంది. మిథైల్ సాలిసిలేట్ రక్తంలోకీ ఎక్కువగా పోతుంది, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు కూడా. కవరూ సంచీ రెండూ మానిపించండి. కాపడం కావాలంటే జెల్ రాయని పూట పెట్టుకోమనండి.

మందుకు అడ్డం చర్మపు పైపొరే. మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉంటుందేమో, కానీ కణాల మధ్య కొవ్వు ఇటుకల మధ్య సున్నంలా పట్టి ఉంటుంది. జెల్‌లోని ప్రొపైలీన్ గ్లైకాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆ పట్టును సడలిస్తాయి. ఆల్కహాల్ ఆరేకొద్దీ మిగిలిన మందు చిక్కబడి లోపలికి దిగుతుంది. అందుకే మోకాలి చుట్టూ పరిచి ఆరనివ్వాలి, వెంటనే బట్ట కప్పకూడదు.

అసలు లోటు కొలతలో ఉంది. 1 శాతం జెల్ (డైఇథైలమైన్ రకమైతే 1.16 శాతం, రెండూ ఒకటే) మోకాలికి పూటకు 4 గ్రాములు, రోజుకు 4 సార్లు. చూపుడువేలి కొస నుంచి మొదటి కణుపు గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. అలాంటివి ఎనిమిది కావాలి. అంటే 30 గ్రాముల ట్యూబు రెండు రోజులు కూడా రాదు! బఠాణీ గింజంతతో ఏమవుతుంది చెప్పండి? ఖర్చు భారమని సగం రాస్తే ఫలితమూ తగ్గవచ్చని ముందే చెప్పేయండి.

స్నానం చేసి తుడుచుకున్నాక రాయడం మంచిది, తేమ పట్టిన చర్మం మందును సులువుగా రానిస్తుంది. నూనె రాసుకుని ఉంటే సబ్బుతో కడగాలి. రాశాక గంటసేపు తడపకూడదు కాబట్టి మడిలో దిగబోయే ముందు రాస్తే దండగే.

బ్రహ్మపురం ఫిజియో:
అల్ట్రాసౌండ్ పెట్టే ముందు ఆ జెల్ తరంగాన్ని దాటనిస్తుందో లేదో చూడండి. మెషిన్ హెడ్ చుట్టూ టేపు గిన్నెలా కట్టి, అడుగున మందు పల్చగా రాసి, పైన నీళ్లు పోసి ఒక్క క్షణం ఆన్ చేయండి. నీళ్లు అదిరితే పనికొస్తుంది. తెల్లటి క్రీముల్లో గాలి బుడగలుంటాయి, తరంగం అక్కడే ఆగిపోతుంది. నిజం చెప్పాలంటే, ఉత్త అల్ట్రాసౌండ్ కంటే ఇలా మందుతో కలిపి పెట్టడం మేలని పరీక్షల్లో నిలకడగా తేలలేదు. మెషిన్ ఉందని రోగి దగ్గర అదనంగా డబ్బు తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

అయాంటోఫొరెసిస్ (సన్నటి కరెంటుతో మందును చర్మంలోకి పంపడం) అయితే డైక్లోఫెనాక్‌ది రుణావేశం, కాథోడ్ (మైనస్ ప్యాడ్) కిందే పెట్టాలి. తిరగేస్తే మందు కదలదు. 2 మిల్లీ ఆంపియర్లు, 20 నిమిషాలు. కాథోడ్ కింద క్షారం పుట్టి చర్మం కాలుతుంది, మధ్యమధ్య ప్యాడ్ ఎత్తి చూడండి.

గుణుపురం ఫిజియో:
డీఎంఎస్‌ఓ అనే ద్రావణి కొని జెల్‌లో కలిపితే మందు బాగా దిగుతుందని ఒకరు చెబుతున్నారు. కలపవచ్చా?

పర్లాకిమిడి ఫార్మసిస్ట్:
వద్దండీ. 45.5 శాతం డీఎంఎస్‌ఓతో 1.5 శాతం డైక్లోఫెనాక్ ద్రావణం విదేశాల్లో ఉన్నమాట నిజమే, మోకాలికి పూటకు 40 చుక్కలు, పదేసి చొప్పున. కానీ అది ఔషధ నాణ్యత గల సరుకు. పరిశ్రమల రకం కలిపితే అందులోని మలినాలనూ డీఎంఎస్‌ఓ లోపలికి లాక్కుపోతుంది.

ఇంకోటి, జెల్ మార్చి కీటోప్రొఫెన్ (ఇంకో నొప్పి మందు) జెల్ ఇవ్వాలనుకుంటే పొలం పని చేసేవాళ్లకు ఆలోచించండి. రాసిన చోట ఎండ తగిలితే దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. మానేశాక కూడా రెండు వారాలు ఆ చోటు బట్టతో కప్పి ఉంచాలి.