ఏజెంటు చేతికి పాస్‌వర్డ్ ఇవ్వక తప్పదా?

ప్రశ్న:
మెయిల్‌కు వచ్చే బిల్లులను వెతికి, గడువు తేదీలను క్యాలెండర్‌లో నమోదు చేసే ఒక సాఫ్ట్‌వేర్ ఏజెంటును నెల రోజులుగా వాడుతున్నాను. నిన్న దాని లాగ్ ఫైలు (అది చేసిన పనుల చిట్టా) తెరిచి చూస్తే, మొదటి రోజు నేను టైపు చేసి ఇచ్చిన మెయిల్ పాస్‌వర్డ్ పొల్లు పోకుండా అందులో కనిపించింది. పాస్‌వర్డ్ చెప్పకుండా ఏజెంటు చేత ఈ పని చేయించే మార్గం ఉందా?

మొదటి జవాబు:
ముందు ఆ పాస్‌వర్డ్ మార్చి, పాత లాగిన్లన్నిటినీ రద్దు చేయండి. లాగ్ చెరిపితే సరిపోదు. దాని నకలు ఏ బ్యాకప్‌లోనో మిగిలి ఉండవచ్చు. ఆ తరువాత ఓఆథ్ ద్వారా అనుమతి ఇవ్వండి. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6749 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడిన ఓఆథ్ 2.0 పద్ధతిలో మీరు మెయిల్ సంస్థ సొంత పేజీలోనే లాగిన్ అవుతారు, ఏజెంటుకు పాస్‌వర్డ్ కాక, మీరిచ్చిన అనుమతికి గుర్తుగా ఒక టోకెన్ మాత్రమే అందుతుంది, దానిని మీరు ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. అనుమతి పేజీలో చదవడం ఒక్కటే అడుగుతున్నారా, పంపడం, తొలగించడం కూడా అడుగుతున్నారా అన్నది నిదానంగా చూడండి.

రెండవ జవాబు:
చదివే అనుమతి ఒక్కటే కదా అని నిశ్చింతగా ఉండకండి. మీ ఇతర ఖాతాల పాస్‌వర్డ్ మార్పు లింకులు వచ్చేది ఆ మెయిల్‌కే. ఎవరో పంపిన మెయిల్‌లో దాచిన ఆదేశాన్ని మీ ఆదేశంగా పొరబడి, ఏజెంటు ఆ లింకును బయటకు చేరవేసే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే నేను బిల్లులు మాత్రమే వేరొక మెయిల్ ఖాతాకు ఫార్వర్డ్ అయ్యేలా ఫిల్టర్ పెట్టుకుని, ఏజెంటుకు ఆ ఖాతాను మాత్రమే అప్పగించాను.

మూడవ జవాబు:
ఓఆథ్ లేని సైట్ల సంగతి కూడా చెప్పాలి. అక్కడ పాస్‌వర్డ్‌ను ఏజెంటును నడిపే ఏఐ మోడల్‌కు చూపకుండా, పాస్‌వర్డ్ మేనేజరే సైటు చిరునామా సరిచూసి లాగిన్ పెట్టెలో నింపేలా అమర్చుకోవాలి. వేరే కంప్యూటర్లలోకి సురక్షితంగా లాగిన్ అయ్యేందుకు తోడ్పడే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ అనే ప్రోగ్రాము చేసేదీ ఇటువంటిదే: ప్రైవేట్ కీని (లాగిన్‌కు వాడే రహస్య కీని) తన వద్దే ఉంచుకుని, అడిగిన ప్రోగ్రాముకు డిజిటల్ సంతకం మాత్రమే చేసి ఇస్తుంది. 30 సెకన్లకోసారి మారే ఓటీపీలను పుట్టించే మూల రహస్యాన్ని మాత్రం ఏజెంటుకు అందనివ్వకండి. పాస్‌వర్డ్‌తో పాటు అదీ దాని చేతికి చిక్కితే రెండవ అంచె భద్రత ఉన్నా లేనట్టే.

ప్రశ్న అడిగినవారు:
పాస్‌వర్డ్ మార్చాను. లాగిన్ల జాబితాలో నేను గుర్తుపట్టలేనివి ఏవీ లేవు. బిల్లుల కోసం వేరే ఖాతా తెరిచి, చదివే అనుమతి మాత్రమే ఇచ్చాను. ముగ్గురికీ కృతజ్ఞతలు.