అమ్మ వీలునామాలో పెన్నుతో పేరు కొట్టేసి వేరే పేరు రాసింది, చెల్లుతుందా?

తణుకు చిన్నబ్బాయి:

మా అమ్మకి 76 ఏళ్లు, తణుకులో ఉంటుంది. నాన్న లేరు. నేను కూకట్‌పల్లిలో ఉంటాను. అమ్మ 2011లో వీలునామా రాసి రిజిస్టర్ చేయించింది. తాతయ్య పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పొలం, తర్వాత కొనుక్కున్న ఇల్లు, ఊరి చివర స్థలం, అన్నీ అమ్మ పేరు మీదివే. ఇల్లు అన్నయ్యకి, ఎకరం ఇరవై సెంట్ల పొలం నాకు, స్థలం అక్కకి అని రాసింది.

2021లో అన్నయ్య పోయాడు. ఆసుపత్రి ఖర్చులకి ఆ స్థలం అమ్మేశాం. అంటే ఇల్లు తీసుకోవాల్సిన మనిషీ లేడు, అక్కకి రావాల్సిన స్థలమూ లేదు. సంక్రాంతికి వెళ్తే అమ్మ బీరువాలోంచి కాగితాలు తీసి చూపించింది. అన్నయ్య పేరు మీద నీలం పెన్నుతో ఒక గీత కొట్టి, పైన వదిన పేరు రాసి, మార్జిన్‌లో సంతకం పెట్టింది. స్థలం గురించి ఉన్న పేరా చివర "అమ్మినందున పొలంలో సగం" అని రెండు లైన్ల మధ్య సన్నగా ఇరికించింది. "మార్చేశాన్లే, ఇక మీరెవరూ కొట్టుకోకండి" అంటుంది.

అక్కకి ఇది చెల్లదేమోనని టెన్షన్. పొలంలో సగం పోయేది నాకే కాబట్టి, నేను లాయర్ని తీసుకెళ్తే అడ్డుపడటానికే వచ్చాడనుకుంటారేమో అని నాకు భయం. వదినకి బతికున్నంత కాలం ఇల్లు, తర్వాత పిల్లలిద్దరికీ అన్నది అమ్మ అసలు కోరిక. పాతదానికి ఏదైనా జత చేయాలా, కొత్తది రాయాలా? వదిన సాక్షి సంతకం పెట్టొచ్చా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆఫీసు మెట్లు ఎక్కలేదు.

విజయవాడ నుంచి:

రిజిస్టర్ అయిన వీలునామాని రిజిస్టర్ అయిన వీలునామాతోనే మార్చాలి బ్రదర్. తెల్లకాగితం మీద రాస్తే పనికిరాదు. మా వీధిలో ఒకాయనకి అలాగే చెప్పారు.

పాత దస్తావేజు లేఖరి, భీమవరం:

పైన చెప్పిన మాట ఊళ్లో అందరూ అనేదే గానీ చట్టంలో లేదండి. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. స్టాంపు సుంకం కూడా లేదు. సరిగ్గా రాసి సాక్షులు సంతకాలు పెట్టిన తెల్లకాగితం కూడా పాత రిజిస్టర్డ్ వీలునామాని రద్దు చేయగలదు. కాకపోతే రేపు కోర్టులో దాన్ని నిలబెట్టడానికి చుక్కలు కనిపిస్తాయి. అందుకని రిజిస్టర్ చేయించమనే నేనూ చెబుతాను.

ఇక అమ్మగారి నీలం పెన్ను సంగతి. భారత వారసత్వ చట్టం, 1925లో 71వ సెక్షన్ దీని కోసమే ఉంది. వీలునామా పూర్తయ్యాక చేసే కొట్టివేతకైనా చేర్పుకైనా అసలు వీలునామాకి జరిగిన తతంగమంతా మళ్లీ జరగాలి. దిద్దిన చోట ఆవిడ సంతకంతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉండాలి. ఇక్కడ ఆవిడది ఒక్కటే ఉంది కాబట్టి ఆ దిద్దుబాట్లు లేనట్టే, పాత అక్షరాలే లెక్క. గీత కింద అన్నయ్య పేరు చదవడానికి వీలవుతోంది, అది నయం. వైట్‌నర్ పూసి ఉంటే ఇంకో పేచీ అయ్యేది.

ఇప్పుడున్నది ఉన్నట్టే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. కొడుకు ముందే పోయినా అతనికి పిల్లలున్నారు కాబట్టి 109వ సెక్షన్ ప్రకారం ఇల్లు అతని వారసులకి, అంటే మీ వదినకీ పిల్లలకీ సమానంగా పోతుంది. జీవితకాలం హక్కు అన్న మాటే రాదు. స్థలం అమ్మేశారు కాబట్టి అక్క వాటా ఎగిరిపోయినట్టే. పొలం మొత్తం మీదే. మీ అక్క టెన్షన్ పడటంలో తప్పు లేదు.

కోపంలో పాతది చింపొద్దని కూడా చెప్పండి. రద్దు చేద్దామని ఆవిడే చింపితే నిజంగానే రద్దయిపోతుంది. కొత్తది రాసేలోపు ఆవిడకి ఏమైనా అయితే హిందూ వారసత్వ చట్టం లెక్కన ఆస్తి మూడు భాగాలు: మీకొకటి, అక్కకొకటి, అన్నయ్య పిల్లలకొకటి. కోడలికి చిల్లిగవ్వ రాదు! చాలామందికి ఈ సంగతి తెలియదు.

జత చేసే కాగితాన్ని కొడిసిల్ అంటారు, అనుబంధ వీలునామా. చిన్న మార్పుకి బాగుంటుంది. మీకు ఇల్లు, స్థలం, పొలం మూడు అంశాలూ మారుతున్నాయి. రెండు కాగితాలు పక్కన పెట్టుకుని ఏది ఎంతవరకు అని చదవాల్సిన ఖర్మ పిల్లలకెందుకు, కొత్తదే రాయించండి. అందులో ఈ వాక్యం ఉండాలి: "2011వ సంవత్సరంలో ఫలానా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఫలానా నెంబరుగా రిజిస్టరు చేయించిన నా వీలునామాను ఇందుమూలంగా పూర్తిగా రద్దుపరచుచున్నాను. ఇదియే నా కడపటి వీలునామా." నెంబరు, తేదీ అసలు కాగితం చూసి ఎక్కించండి, నోటికి వచ్చింది రాయకండి. స్థలం ఎందుకు లేదో, అక్కకి పొలం ఎందుకు ఇస్తున్నారో ఒక్కో వాక్యం అమ్మగారి మాటల్లోనే రాయించండి. పొలానికి సర్వే నెంబరు, సగానికి హద్దులు వేయాలి. "సగం" అని ఊరుకుంటే తూర్పు సగమా పడమర సగమా అని గట్టు మీద గొడవ.

వదిన సాక్షిగా వద్దు. హిందువుల వీలునామాల్లో అది ఖచ్చితమైన నిషేధం కాదు గానీ, లబ్ధిదారు సంతకం చూస్తే అవతలి వకీలుకి పండగే. సాక్షులు అమ్మగారి కంటే చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు కావాలి. రిజిస్టర్ అయినా సరే, వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి "ఆవిడ నా ఎదుట సంతకం పెట్టింది, నేనూ ఆవిడ ఎదుట పెట్టాను" అని చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లు తమ ఫ్రెండ్ అని ఎనభై ఏళ్ల పెద్దాయన్ని సాక్షిగా తెచ్చేవారు.

మెట్ల గురించి దిగులక్కర్లేదు. ఆరోగ్య కారణం చూపించి దరఖాస్తు పెడితే, ఫీజు కట్టించుకుని సబ్‌రిజిస్ట్రారే ఇంటికి వస్తారు. ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. ఆ రోజుకి డాక్టరు దగ్గర మతి స్థిమితంగా ఉందని సర్టిఫికెట్ తీసుకోండి.

మీ భయానికి వస్తే, 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు అన్నది ఏమిటంటే, లాభపడేవాళ్లు ముందుండి వీలునామా రాయిస్తే అది అనుమానించాల్సిన విషయం. ఈ మార్పుతో మీరు నష్టపోతున్నారు! దగ్గరుండి చేయించడానికి మీ ఇంట్లో మీకంటే తగినవాళ్లు లేరు. గదిలో ఉండకూడనిది వదిన, అక్క.

మాధాపూర్ వదినమ్మ:

ఇంత తిప్పలెందుకు, బతికుండగానే గిఫ్ట్ డీడ్ చేసేస్తే పోలా?

పాత దస్తావేజు లేఖరి, భీమవరం:

అమ్మా, గిఫ్ట్ ఇచ్చేస్తే ఆస్తి ఈరోజే చేయి దాటుతుంది, సుంకమూ కట్టాలి. చూసుకోకపోతే వెనక్కి తీసుకునే దారి 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టంలో ఉంది గానీ, ఆ వయసులో ఆర్డీవో ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు? వీలునామా అయితే ఆవిడ ఊపిరి ఉన్నంతవరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

చెప్పడం మరిచాను. వదినకి జీవితకాలం, తర్వాత పిల్లలకి అన్న క్లాజు మాత్రం నాలాంటి లేఖరితో కాకుండా సివిల్ వకీలుతో రాయించండి. 1977లో తులసమ్మ కేసు మన తెలుగువాళ్లదే. మనోవర్తి (పోషణ ఖర్చు) హక్కు బదులుగా ఆడమనిషికి బతికున్నంత కాలమే అనే పరిమిత హక్కు ఇస్తే అది సంపూర్ణ హక్కు అయిపోతుందని సుప్రీంకోర్టు తీర్పు. క్లాజులో పోషణ, మనోవర్తి అన్న మాటలు ఊరికే దొర్లితే పిల్లల వాటా చిక్కులో పడొచ్చు.

తణుకు చిన్నబ్బాయి:

చాలా థాంక్స్ అండి. అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. కోడలికి ఏమీ రాదన్న చోట మాత్రం "ఏదీ, మళ్లీ చదువు" అంది. సాక్షులుగా పక్కింటి స్కూలు మాస్టారు, మా మందుల షాపాయన ఒప్పుకున్నారు. పొలం హద్దులకి సర్వేయర్ని అక్కే మాట్లాడుతోంది. తూర్పు సగం తనకి కావాలట, బోరు అటువైపుంది.