నాలుక మీద ముక్క తీసారు, రిపోర్టు వచ్చేదాకా ఎలా ఉండాలో తెలీట్లేదు

మాది ఆమదాలవలస, నాకు 43. నాలుక ఎడమ అంచున తెల్లటి మచ్చ, మధ్యలో పుండు, రెండు నెలలైనా మానలేదు, పక్కన విరిగిన పన్ను గీసుకుంటుంది కదా దానివల్లే అని బి కాంప్లెక్స్ మింగుతూ కూర్చున్నా. శ్రీకాకుళంలో పళ్ల డాక్టరు గారు పన్ను నున్నగా అరగదీసి రెండు వారాలు చూసారు, తగ్గలేదు, మొన్న సోమవారం మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ముక్క తీసి మూడు కుట్లేసారు. రిపోర్టుకి వచ్చే శుక్రవారం రమ్మన్నారు. నాకు చుట్ట లేదు గుట్కా లేదు. మా అమ్మ మాత్రం అడ్డపొగ తాగేది (మన వైపోళ్లకి చెప్పక్కర్లేదు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి), అంగిట్లో కేన్సరొచ్చి చనిపోయింది. అదే కళ్ల ముందు తిరుగుతుంది. రాత్రి మూడింటికి లేచి ఫోన్ లైటేసి అద్దంలో నాలుక చూసుకుంటున్నా. మా ఆయనకి పన్ను కుట్లని చెప్పా. వదినకి ఒక్కదానికే నిజం చెప్తే కత్తి తగిలితే పాకేస్తది ఎందుకు తీయించావు అంది. ఎవరికైనా ఇలా అయిందా?

బొబ్బిలి పిల్ల:
అప్పా, నాకు పోయిన ఏడు అయింది. కేన్సర్ కాదు గానీ కణాల్లో కొంచెం మార్పుందన్నారు, మూడు నెలలకోసారి చూపించుకుంటున్నా. పెరుగన్నం మెత్తగా పిసికి తినండి, చోడంబలి, అదే రాగి అంబలి, బాగా చల్లార్చి తాగండి. తరవాణి జోలికెళ్లకండి, ఆ పులుపుకి నాకు ప్రాణం పోయిందనుకోండి. ఫోన్ రాత్రిపూట వంటింట్లో పెట్టేదాన్ని, లేకపోతే గూగుల్ నిద్రపోనివ్వదు.

ల్యాబ్ మనిషి:
కత్తి తగిలితే పాకడం అనేది లేదండీ, అసలు ముక్క తియ్యకుండా ఏదీ తేల్చలేరు. ఆ ముక్క ముందు ఫార్మలిన్‌లో నానాలి, తర్వాత మైనంలో పోసి, పలచగా కోసి, రంగులేస్తేనే డాక్టరు మైక్రోస్కోప్‌లో చూసేది. ఆ ముక్కలోంచే ఇంకో పలచటి కోత అడిగితే మళ్లీ రెండ్రోజులు. ఆలస్యమైందని చెడ్డ కబురనుకోకండి. ఇంకోటి, అడ్డపొగకి ఎక్కువగా వచ్చేది అంగిట్లో, మీది పన్ను గీసుకునే చోటు, అమ్మగారి జబ్బుతో కలిపి చూసుకోకండి. అలాగని ఏమీ కాదు అని నేను చెప్పలేను. రిపోర్టు వాట్సాప్‌లో తెప్పించుకుని ఒక్కరే చదవొద్దు, డాక్టరు ముందే తెరవండి.

విజయనగరం మాస్టారు:
అమ్మా, ముందు మీ ఆయనకి చెప్పు. మా ఆవిడ ఇలాగే నా దగ్గర దాచింది, తెలిసాక నేను రెండ్రోజులు అన్నం తినలేదు, కోపమో భయమో ఇప్పటికీ తెలీదు. ఒకవేళ ఏదైనా ఉన్నా చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే వైద్యం తేలికే, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది, దువ్వాడలో రైలు దిగితే ఆటోలో వెళ్లిపోవచ్చు. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, కార్డు ఎక్కడుందో వెతికి పెట్టుకో. అవసరం రాకపోతే మరీ మంచిది. కుట్లు మాత్రం నాలుకతో కెలక్కు, మా ఆవిడకి అలాగే రక్తం కారింది, శుభ్రమైన గుడ్డతో పావుగంట నొక్కి పట్టుకుంటే ఆగింది.

ఆమదాలవలస నుంచే మళ్లీ:
రాత్రి చెప్పేసా మాస్టారూ. ఏటీ అనలేదు, లేచెళ్లి అద్దం తీసి బీరువా మీద పెట్టేసారు. పొద్దున్న జావ ఆయనే కాచారు, అంతా ఉండలు కట్టేసింది, తాగా. శుక్రవారం ఇద్దరం వెళ్తున్నాం.