రెఫరీకిచ్చిన బస్సు చార్జీ మీద కూడా టీడీఎస్ కోస్తారా?

కావలి_విజిల్: అన్నలూ, నేను కబడ్డీ రెఫరీని, మామూలప్పుడు బాబాయ్ ఎరువుల కొట్లో ఉంటా. పోయిన ఆర్థిక సంవత్సరం ఒకే నిర్వాహకుల దగ్గర ఫీజు 46,000, బస్సుకీ భోజనానికీ 8,000 వచ్చింది. రెండూ కలిపి 54,000 అని రాసి 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపన్ను), 5,400 కోసేశారు. ఫీజొక్కటే చూస్తే 50,000 దాటనే లేదు గదా. బస్సుకిచ్చిన డబ్బు నా సంపాదన ఎట్టా అయిద్ది?

లెక్కల_సుబ్బడు: అయిద్ది. 2008లోనే రెఫరీల్నీ అంపైర్లనీ 194జేలో (ప్రొఫెషనల్ ఫీజుల మీద టీడీఎస్ కోసే సెక్షన్) చేర్చారు. 2025 ఏప్రిల్ నించి కోత మొదలయ్యే లిమిట్ 30,000 కాస్తా 50,000 చేశారు, అది నీకు మేలే. కానీ 1995 నాటి ఆదాయపన్ను సర్క్యులర్ 715 చూడు, రీయింబర్స్‌మెంట్ (మనం పెట్టిన ఖర్చు తిరిగివ్వడం) తీసేసి లెక్క కట్టడానికి లేదంది. వాళ్ళ తప్పేం లేదు.

ఒంగోలు_గిత్త: అది ఒకే బిల్లులో కలిపేసినప్పటి మాట సుబ్బన్నా. టికెట్లు పెట్టి విడి బిల్లిస్తే కొయ్యక్కర్లేదని ట్రిబ్యునల్ తీర్పులుండాయి. తమ్ముడూ, టికెట్లుండాయా?

కావలి_విజిల్: సింగరాయకొండలో రాత్రి పదిన్నరకి ఫైనల్ అయితే షేర్ ఆటో వెనక కమ్మీ పట్టుకోని నిలబడొచ్చా. ఆటోవోడు టికెట్ ఇస్తాడా?

లెక్కల_సుబ్బడు: మరి ఇంకేం అడుగుతావు.

పీఈటీ_మాస్టారు: ఐదు వేలకి ఇంత రచ్చా. 22 ఏళ్ళుగా విజిల్ ఊదుతుండా, ఏనాడూ చార్జీ లెక్క అడగలా, శాలువా కప్పితే చాలనుకునేవాళ్ళం. ఐటీఆర్ (ఆదాయపన్ను రిటర్ను) వెయ్యి, కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు, మొత్తం వెనక్కొచ్చుద్ది.

కావలి_విజిల్: వెయ్యడానికి ఆడిటర్ 1,500 అడిగాడు సార్.

ఒంగోలు_గిత్త: 44ఏడీఏలో (కొన్ని వృత్తులవాళ్ళు వచ్చినదాంట్లో సగమే లాభమని చూపే సెక్షన్) సగం ఖర్చు చూపించి ఐటీఆర్-4 ఫారం వెయ్యి, నాకట్టే రిఫండ్ వచ్చింది.

లెక్కల_సుబ్బడు: రావడం వేరు చట్టం వేరు. 2008లో చేర్చింది 194జే వరకే. 44ఏడీఏ జాబితాలో రెఫరీ లేడు. నోటీసు వస్తే అప్పుడు గుర్తొస్తా.

ఒంగోలు_గిత్త: మీరు నోటీసు అనకుండా ఒక్క పోస్టన్నా రాశారా ఇప్పటిదాకా?

పీఈటీ_మాస్టారు: ఈ కాలం పిల్లకాయలకి ఆట మీద కంటే డబ్బు మీదే చూపు.

కావలి_విజిల్: సార్, ఇక అనకుండా ఉండలేకపోతుండా. మీరొచ్చేది ఓడీ మీద (స్కూలు డ్యూటీ కిందే లెక్క), ఆ రోజు జీతం మీకు పడుద్ది, ఫీజు పైన మిగులు. నేనొస్తే ఆ రోజు కొట్లో కూలి పోద్ది. అందులో మళ్ళా సెమీసూ ఫైనలూ మీకు, మిట్టమధ్యాహ్నం లీగ్ మ్యాచ్‌లు మాకు. శాలువాతో బియ్యం ఎవరిస్తారు?

పీఈటీ_మాస్టారు: ఓహో, అదా కడుపులో ఉండేది. పన్ను గొడవేమో అనుకున్నా.

దర్శి_లైన్‌మన్: వాడన్నదాంట్లో తప్పేముంది మాస్టారూ.

పీఈటీ_మాస్టారు: డ్యూటీలు వేసేది నేను కాదు, నన్నెందుకు ఆడిపోసుకుంటారు.

దర్శి_లైన్‌మన్: సరే అదట్టుంచండి. తమ్ముడూ, 26ఏఎస్‌లో (నీ పాన్ మీద జమైన పన్ను చూపే పేజీ) ఆ 5,400 పడిందా అసలు? పాన్ లేకుంటే 20 శాతం కోసేవాళ్ళు, 10 కోశారంటే నీ నంబరు వాళ్ళ దగ్గరున్నట్టే.

కావలి_విజిల్: పాన్ ఫోటో వాట్సాప్‌లో పెట్టా. చూసొస్తా ఉండండి.

కావలి_విజిల్: చూశా అన్నా. ఆ పేజీలో ఏమీ లేదు.