కొటియా ఊళ్లో పోడు భూమికి ఏ రాష్ట్రం పట్టా తీసుకోమంటారు?

సాలూరు_పిల్లోడు: మా మావయ్య వాళ్లది పైన కొటియా గ్రూపు ఊరండి, ఆంధ్రా మాదంటే ఒడిశా మాదని కొట్టుకునే 21 ఊళ్లలో ఒకటి. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, ఇదంతా అక్కడ మామూలే. ఉన్నది రెండెకరాల కొండ పోడు, చోళ్లు (రాగులు), సామలు, గెడ్డ (వాగు) పక్కన కాస్త అల్లం. ఇప్పుడు ఇటు వాళ్లొచ్చి ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టాకి (అటవీ హక్కుల పట్టా) దరఖాస్తు పెట్టు అంటున్నారు, అటు వాళ్లొచ్చి మా దగ్గరే పెట్టు అంటున్నారు. ఒకరి దగ్గర తీసుకుంటే రెండోవాళ్లు కోప్పడతారేమోనని మావయ్య రెండేళ్లుగా ఏదీ పెట్టలేదు. ఏది మంచిది?

పాత_కరణం: తమ్ముడూ, పట్టా ఎవరిచ్చినా దాని వెనక ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం, అది కేంద్రానిది, రెండు రాష్ట్రాలకీ ఒకటే. గిరిజనులైతే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపించాలి, దరఖాస్తు ముందు గ్రామసభకే వెళ్లాలి. పట్టా వచ్చినా అమ్ముకోడానికి లేదు, పిల్లలకి మాత్రం వస్తుంది, పెళ్లైనవాళ్లైతే భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఇస్తారు. కాబట్టి ఏ రాష్ట్రం అన్నదానికంటే ఆ సాగు పాతదని చూపించడం ముఖ్యం. మీ తాతగారు పేర్చిన రాతిగట్లుంటే ఫోటో తీయించు, చదును చేసిన మడులుంటే అవీ. పక్క ఇళ్ల పెద్దవాళ్లు చెప్పింది రాయించి వేలిముద్ర వేయించు, అది కూడా సాక్ష్యం కింద ఒప్పుకుంటారు.

గెడ్డ_అవతల: ఊరి పేరు జాగ్రత్త బాబూ. ఆంధ్రా వైపు గంజాయిభద్ర అనేది ఒడిశా కాయితాల్లో గంజేయిపదర్, పట్టుచెన్నూరు కూడా ఒడిశా రాతల్లో వేరేలా ఉంటది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా వాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే మా ఊళ్లకే పేర్లు మార్చి పెట్టారని ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది. మా బాబాయి ఆధార్లో ఒక ఊరు, రేషన్ కార్డులో ఇంకో ఊరు, ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పేరు, చివరికి నువ్వసలు ఏ ఊరోడివి అని అడిగేరట, ఆయన కొండ వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు.

నిద్రపట్టనోడు: రెండు ఓటరు కార్డులు నేరం కదా బ్రో, నువ్విలా పబ్లిక్‌గా రాసేస్తున్నావేంటి 😅 2024 మే 13న అటూ ఇటూ ఒకే రోజు పోలింగ్ కాబట్టి ఏదో ఒకవైపే వెళ్లుంటార్లే.

పాత_కరణం: చట్టంలో నేరమే. కానీ ఈ సరిహద్దు గొడవ మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెళ్తే 2006లో కోర్టు ఇది మేం తేల్చేది కాదు, పార్లమెంటు తేల్చాలి, అప్పటిదాకా యథాస్థితి అంది. రెండు ప్రభుత్వాలూ తేల్చుకోలేని దానికి కొండ మీద ముసలాయన్ని కార్డు వెనక్కిచ్చెయ్ అనడం నాకు న్యాయం అనిపించదు. అసలు విషయానికొస్తే, గ్రామసభ ఏ వైపుదైనా తీర్మానం నకలు, దరఖాస్తు రసీదు తప్పకుండా తీసుకోండి. నోటిమాట మీద వదలొద్దు.

గెడ్డ_అవతల: చోళ్లు ఎక్కువ పండితే ఒడిశా వైపు మద్దతు ధరకి కొంటారు, అక్కడి ప్రభుత్వ చిరుధాన్యాల పథకం మిల్లెట్ మిషన్ వచ్చేక కోరాపుట్ జిల్లాలో అది బాగుంది. 2024-25లో క్వింటా 4290 రూపాయలు ఉండేది. అక్కడ రైతుగా పేరు రాయించుకోవాలి, మళ్లీ అదే కాయితం గొడవ.

సాలూరు_పిల్లోడు: రాతిగట్లు ఉన్నాయండి, పక్కన తాతయ్య నాటిన పనసచెట్టు కూడా. ఆదివారం వెళ్లి ఫోటోలు తీస్తాను. ఊళ్లో పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయనకి కువి (అక్కడి గిరిజన భాష) తప్ప ఇంకేదీ రాదు, ఆ మాట తెలుగులో రాయించాలా ఒడియాలోనా?

పాత_కరణం: రెండింట్లోనూ రాయించు.