సీసియం-137 కరెక్ట్‌గా వస్తోంది, కోబాల్ట్-60 తక్కువ చూపిస్తోంది. ఎందుకు?

రాత్రి షిఫ్ట్: పొద్దుటి నుంచి దీంతోనే కుస్తీ. రేడియేషన్ ప్రమాదం జరిగితే శాంపిల్స్ మా ల్యాబ్‌కే వస్తాయి, అందుకని పాత రిఫరెన్స్ శాంపిల్‌తో (గోధుమపిండి, విలువలు తెలిసినవే) ప్రాక్టీస్ చేస్తున్నాం. వాడేది జెర్మేనియం డిటెక్టర్ (గామా కిరణాలను శక్తిని బట్టి విడదీసి లెక్కపెట్టేది). సీసియం-137లో తేడా 1 శాతమే. కోబాల్ట్-60 మాత్రం 14 శాతం, సీసియం-134 ఏకంగా 27 శాతం తక్కువ! రోజూ క్యాలిబ్రేట్ చేస్తూనే ఉన్నా. సాఫ్ట్‌వేర్ కూడా మళ్లీ ఎక్కించా. రేపు ఆడిట్, ఒకటే టెన్షన్. ఎవరికైనా ఇలా వచ్చిందా?

మూడో పీక్: శాంపిల్ డబ్బా డిటెక్టర్‌కి ఎంత దూరం? సర్టిఫికెట్ మీద రిఫరెన్స్ తేదీ ఏది? ఎఫిషియెన్సీ కర్వ్ (ఏ శక్తి గామాల్లో ఎన్నింటిని డిటెక్టర్ పట్టుకుంటుందో చూపే గీత) ఏ సోర్సులతో గీశారు?

పాత మీటరు: రోజూ క్యాలిబ్రేట్ చేయడమేమిటండీ? మీరు చేసేది చెక్ సోర్స్ (రోజూ వాడే అదే చిన్న రేడియోధార్మిక ముక్క) పెట్టి చూడటం. మీటరు నిన్నటిలాగే ఉందా అన్నది మాత్రమే దాంతో తెలుస్తుంది. నిన్న తప్పైతే ఇవాళా అదే తప్పు. క్యాలిబ్రేషన్ అంటే జాతీయ ప్రమాణంతో మెట్టుమెట్టుగా పోల్చి, ఎంత అనిశ్చితి ఉందో కూడా రాసిన సోర్స్‌తో చేసేది. అసలు ప్రమాద సమయంలో ముందు మోసం చేసేది సర్వే మీటరే (చేత్తో పట్టుకుని రేడియేషన్ చూసేది). 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, వదిలేసిన ఆసుపత్రి యంత్రంలోని సీసియం-137 ఊళ్లోకి చేరినప్పుడు, ఒక భౌతిక శాస్త్రవేత్త అరువు తెచ్చిన మీటరు ఆన్ చేయగానే ముల్లు చివరికంటా వెళ్లింది. మీటరు పాడైందనుకుని ఆయన ఇంకోటి తెచ్చుకోవడానికి వెళ్లాడు. పాడవలేదు, అక్కడ సీసియం అంత ఉంది.

రాత్రి షిఫ్ట్: చెక్ సోర్స్ అనే అనుకోండి సార్, నా కోబాల్ట్ సంగతి చెప్పండి.

తొందర మనిషి: ప్రమాదంలో 14 శాతం ఎవరికి కావాలి? ఉందా లేదా తేలితే చాలు.

మూడో పీక్: చాలదు. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) మార్గదర్శక స్థాయి సీసియం-134కి కిలోకు 1000 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతకు కొలమానం). 27 శాతం తక్కువ చూపిస్తే, నిజంగా 1150 ఉన్న పిండికి ఈ ల్యాబ్ 840 అని రాసి పాస్ చేస్తుంది. రాత్రి షిఫ్ట్, నేను అడిగినవి మీరు ఇంకా చెప్పలేదు.

తొందర మనిషి: మొదటి రోజు సంగతి నేను చెప్పింది. ఆహారం లెక్కలు తర్వాత వస్తాయి.

రాత్రి షిఫ్ట్: డబ్బా నేరుగా డిటెక్టర్ మూత మీదే, అందరూ అలాగే పెడతారు కదా. కర్వ్ అదే డబ్బాలో సీసియం-137, మాంగనీస్-54, జింక్-65తో గీశాం. రిఫరెన్స్ తేదీ ఆరు నెలల కిందటిది.

మూడో పీక్: అయితే రెండు కారణాలు కలిసి కూర్చున్నాయి. సర్టిఫికెట్ విలువ ఆ తేదీది, మీ రీడింగ్ ఇవాళ్టిది. ఆరు నెలల్లో సీసియం-134 15 శాతం పైన, కోబాల్ట్ 6 శాతం పైన తగ్గుతాయి. సీసియం-137 అర్ధాయువు 30 ఏళ్లు, అందుకే అది మీకు కరెక్ట్‌గా కనిపిస్తోంది. ముందు అది సరిచేయండి.

మిగిలేది సమ్మింగ్. కోబాల్ట్ 1173, 1332 keV (కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి) గామాలను దాదాపు ఒకేసారి వదులుతుంది. డబ్బా మూత మీద ఉంటే డిటెక్టర్ చాలాసార్లు రెంటినీ కలిపి ఒకే పల్స్‌గా తీసుకుంటుంది, దాంతో స్పెక్ట్రమ్‌లో ఆ రెండు శక్తుల దగ్గర లేచే పీకుల్లోనూ కౌంట్లు పోతాయి. స్పెక్ట్రమ్‌లో 2505 దగ్గర చిన్న పీక్ ఉందేమో చూడండి. సీసియం-134కీ ఇదే జబ్బు. మీ కర్వ్‌కి వాడినవి ఇలా జతగా గామాలు వదిలేవి కావు, కాబట్టి కర్వ్‌లో ఈ నష్టం కలవలేదు. డబ్బాను 20 సెంటీమీటర్లు పైకెత్తి, ఆ దూరానికి మళ్లీ కర్వ్ గీసి కొలవండి.

పాత మీటరు: పైకెత్తితే కౌంట్లు తగ్గి గంటలు పడుతుంది. వందల శాంపిల్స్ క్యూలో ఉన్నప్పుడు కుదరదు. అదే డబ్బాలో కోబాల్ట్-60, సీసియం-134 ఉన్న ప్రమాణ సోర్స్ కొని పెట్టుకోవడమే దారి.

తొందర మనిషి: కరెక్షన్ ఫ్యాక్టర్ సాఫ్ట్‌వేరే లెక్కేస్తుంది, కొనడం దేనికి?

పాత మీటరు: ఆ ఫ్యాక్టర్ సరైనదని దేంతో పోల్చి చెబుతారు?

రాత్రి షిఫ్ట్: తేదీ సరిచేశా. కోబాల్ట్ 8, సీసియం-134 14 శాతం తక్కువకి వచ్చాయి. 2505 పీక్ ఉంది. పైకెత్తి రాత్రంతా కౌంటింగ్ పెడుతున్నా. థ్యాంక్స్.

పాత మీటరు: సర్వే మీటర్లను పై రేంజ్ దాకా ఎప్పుడు క్యాలిబ్రేట్ చేయించారు? ఆడిట్‌లో అదీ అడుగుతారు.