బొబ్బిలి పులి అంటే పులి పులి అనేనా?

ప్రశ్న: "బొబ్బిలి అంటేనే పులి కదా, మళ్ళీ బొబ్బిలి పులి అంటారేంటి, నడి సెంటర్ అన్నట్టు" అని ఆఫీసులో ఒకాయన తీసిపారేశారు. మా మామయ్యేమో బొబ్బలు పెట్టడం నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఏది నమ్మాలి?

జవాబు: బొబ్బల సంగతి వదిలేయండి, ఆ ఊరి కథలో దానికి ఎక్కడా ఆధారం లేదు. పులి మాట మాత్రం జమీందారీ కుటుంబం చెప్పుకునేదే, పాత గెజిటీర్లలోకీ, అంటే సర్కారు వారి జిల్లా వివరాల పుస్తకాల్లోకీ, ఎక్కింది. 1652లో శ్రీకాకుళం ఫౌజ్‌దారుగా, అంటే ఆ ప్రాంతాన్ని ఏలే సైనికాధికారిగా, షేర్ మహమ్మద్ ఖాన్ వచ్చాడు. వెంకటగిరి వెలమ దొరల వంశంలోని పెద్దారాయుడు ఆయన వెంట వచ్చాడనీ, ఆ కుటుంబానికి ఇక్కడ జాగా దొరికాక కోట కట్టి, జాగా ఇచ్చిన షేర్ ఖాన్ పేరు మీదే దానికి పెబ్బులి, అంటే పెద్దపులి, అని పెట్టారనీ చెబుతారు. పెబ్బులి, బెబ్బులి, బొబ్బిలి, అదీ వరస.

ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, మామూలుగా దొర పేరుతో ఊరు కడితే షేర్‌పురమో మహమ్మదాబాదో అవుతుంది, వీళ్ళు మాత్రం పేరును తెలుగు చేసి పెట్టారు. ఫారసీలో షేర్ అంటే సింహం. మన దేశంలో హిందుస్తానీ మాట్లాడేవాళ్ళు పులినీ షేర్ అనేవారు, ఇక్కడ కొండల్లో కనపడేదీ పులే, కాబట్టి తెలుగులో పులి అయింది. ధ్వని పరంగానూ ఇబ్బంది లేదు. పక్కనున్న బ్బ లాగితే ప కాస్తా బ అవుతుంది, బెబ్బులి ఇప్పటికీ మన నోట్లో ఉన్న మాటే. అక్కడి నుంచి బొబ్బిలి ఎంత దూరం? రాతలో తేదీలతో సహా రుజువు చూపించమంటే మాత్రం నేను చూపించలేను, ఇది కుటుంబ కథగానే నమ్ముతాను.

ఇంకో తమాషా, విజయనగరం పూసపాటి వారి పూర్వీకుడు కూడా ఆ ఖాన్ వెంటే వచ్చాడంటారు. నూరేళ్ళు దాటాక, 1757 జనవరి 24న, ఆ రెండు కుటుంబాలే బొబ్బిలి కోట దగ్గర తలపడ్డాయి, పూసపాటి విజయరామరాజు పక్కన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. కోట పోయింది. తర్వాత బొబ్బిలి పక్షాన ఉన్న తాండ్ర పాపారాయుడు రాత్రిపూట గుడారంలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. జనం బొబ్బిలి పులి అన్నది ఈ పాపారాయుణ్ణి. అప్పటికి బొబ్బిలి అంటే ఊరే, అందులో పులి ఉందని ఎవరికీ తట్టదు. ఊరి పేరూ, మనిషి బిరుదూ, రెండూ వేరు. మీ ఆఫీసాయన లెక్క నిఘంటువులో సరిపోతుంది, జనం నోట్లో కాదు.

మరో సభ్యుడు: మాష్టారూ, ఇంత పేరున్న ఊరు ఇప్పుడు ఎంత పెద్దదండీ? నగరమని రాయొచ్చా?

జవాబు: నగరం అనకండి బాబూ, మునిసిపాలిటీ ఉన్న పట్టణం. 1901లో 17,387 మంది, 2011 లెక్కల్లో 56,819. మూడింతలు దాటింది అంతే, అదే కాలంలో దేశం అయిదింతలైంది. యుద్ధం కథ విని పెద్ద సిటీ అనుకుని వచ్చేవాళ్ళున్నారు. చుట్టూ పల్లెలే, పక్కనే గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు, కుండా దండీ అంతా ఒకే కర్రలోంచి రావాలి, విడిగా చేసి అతికించరు. బొబ్బిలి వీణ అనేది దాన్నే. అన్నట్టు దాన్ని గొల్లపల్లి వీణ అని ఎవరూ ఎందుకనరో అదో చర్చ, వేరే పోస్టు పెట్టండి.